ఒకటో తారీఖు పోయి ఇరవయ్యో తారీఖు వచ్చె



మా లింగంపల్లిలో పొద్దున ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే ఒకే పెట్టెలో రెండు రకాల ఉద్యోగాలు కనిపిస్తాయి. మెడలో రంగుతాడు, వీపున బ్యాగు ఉన్న పిల్లలు చందానగర్, హఫీజ్‌పేట దాటగానే లేచి తలుపు దగ్గర నిలబడతారు. హైటెక్ సిటీ రాగానే పెట్టె సగం ఖాళీ. మిగిలేది మేం. టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని ఖైరతాబాద్‌లోనో లకడీకాపూల్‌లోనో దిగే సర్కారు కొలువులవాళ్లం. వాళ్ల జీతాలెంతో మాకు తెలుసు, మా పింఛన్ల సంగతి వాళ్లకి తెలుసు. ఒకళ్లని చూసి ఒకళ్లం కాస్త జాలిపడుతూ, కాస్త కుళ్లుకుంటూ పదిహేడేళ్లు ప్రయాణం చేశాం.

నేను మధ్యలో దిగిపోయాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇంకా పద్నాలుగేళ్ల సర్వీసు ఉండగా 2021 అక్టోబరులో బయటికొచ్చాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని పది పదిహేను దుకాణాలకి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. మా అత్తగారిని చూసుకుంటాను. సాయంత్రం దీపం పెడతాను. చెప్పుకుంటే ఇంతే. కానీ ఈ ఇంత కోసం అంత ఉద్యోగం వదిలేశావా అని అడగని బంధువు లేడు. కొందరు ఇంకో రకంగా అడుగుతారు, గొంతు తగ్గించి: "మేమూ మానేద్దామనుకుంటున్నాం, ఎలా ఉంది?" ఈ ప్రసంగం ఆ రెండో రకం వాళ్ల కోసం.

ముందు మా మావయ్యగారి సంగతి చెప్పాలి. ఆయన 1960లలో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కట్టిన కొత్తలో గుంటూరు జిల్లా నుంచి వచ్చి అందులో చేరారు. అప్పట్లో ఇక్కడ రాళ్లు, తుమ్మచెట్లు, చెరువులు, మధ్యలో ఫ్యాక్టరీ సైరను. ఆ సైరను విని ఊరు గడియారాలు సరిచేసుకునేదట. ఆ తర్వాత, 1974లో పుట్టిన సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. అంటే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌కి 1998లో వాజ్‌పేయి గారు ప్రారంభోత్సవం చేసేదాకా ఈ పక్కన మంచి ఉద్యోగం అంటే సర్కారుదే. మావయ్యగారి దృష్టిలో ఇప్పటికీ అంతే. నేను మానేస్తున్నానని చెప్పిన రోజు ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "అమ్మాయ్, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్నారు. "కూర్చోవడానికి కాదు మావయ్యగారూ, అత్తయ్యగారి దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా" అన్నాను. ఆయన మాట్లాడలేదు. మళ్లీ పేపరు విప్పారు. తలకిందులుగా పట్టుకున్నారని నేను చెప్పలేదు.

అత్తయ్యగారికి మరుపు మొదలైంది 2019లో. మొదట పేర్లు పోయాయి. తర్వాత పొయ్యి మీద పాలు. ఒకరోజు కూరగాయలకని వెళ్లి లింగంపల్లి రైల్వే బ్రిడ్జి కింద నిలబడిపోయారు, ఇల్లు ఎటో తెలియక. వాన పడితే మోకాళ్లలోతు నీళ్లు నిలిచే చోటు అది. ఆవేళ వాన లేదు, అదొక్కటే మా అదృష్టం.

సెలవులు పెట్టి నెట్టుకొచ్చాను. మా ఆఫీసుల్లో ఆడవాళ్లకి శిశు సంరక్షణ సెలవని ఒకటుంది. 2008లో ఆరో వేతన సంఘం తర్వాత వచ్చింది, సర్వీసు మొత్తంలో 730 రోజులు. పిల్లలు పద్దెనిమిదేళ్ల లోపు ఉన్నంతకాలం వాడుకోవచ్చు. మా అమ్మాయి పదో తరగతికి కొంత, ఇంటర్‌కి కొంత వాడేశాను. అయితే పిల్ల కోసం రెండేళ్ల సెలవిచ్చే ప్రభుత్వానికి, ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలైపోతే ఏం చేయాలో తోచినట్టు లేదు. ఆ పేరుతో సెలవు లేదు. ఉన్న ఆర్జిత సెలవులు కరిగాయి, సగం జీతం సెలవులు కరిగాయి. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయాయి. ఎదురింటి సాఫ్ట్‌వేర్ దంపతులు ఇంట్లోంచి పనిచేస్తుంటే, నేను మాస్కు కట్టుకుని రోస్టరు ప్రకారం ఆఫీసుకి వెళ్లేదాన్ని. ఎంఎంటీఎస్ మళ్లీ 2021 జూన్‌లో గానీ కదల్లేదు. అది కదిలిన నెలకి నేను నోటీసు ఇచ్చాను.

ఇక్కడ ఒక పొరపాటు చెప్పాలి, నాదే. ఇరవై రెండేళ్లు ఇతరుల సర్వీసు పుస్తకాలు సరిచూసినదాన్ని, నా దరఖాస్తు మాత్రం ఆవేశంలో "రాజీనామా" అని రాసుకుపోయాను. పక్క సీటు మిత్రుడు సంగారెడ్డి వైపు వాడు. కాగితం చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "గిదేంది మేడమ్, రాజీనామా అని రాసిండ్రు? ఇర్వై రెండేండ్ల సర్వీసు గంగల కలుస్తది!"

నిజమే. మామూలు మాటల్లో రాజీనామా అన్నా, వాలంటరీ రిటైర్మెంట్ అన్నా ఉద్యోగం మానెయ్యడమే. పింఛను రూల్సులో మాత్రం వాటి మధ్య జీవితమంత దూరం ఉంది. రాజీనామా ఇస్తే గత సర్వీసంతా రద్దు, పింఛను లేదు. ఇరవై ఏళ్లు నిండాక మూడు నెలల ముందు నోటీసిచ్చి స్వచ్ఛందంగా విరమిస్తే, నాలాగా 2004కి ముందు చేరినవాళ్లకి ఆఖరి బేసిక్‌లో సగం పింఛను, దాని మీద కరువు ఉపశమనం. ఒక్క మాట తేడా. ఆ మిత్రుడు నా కాగితం చింపి చెత్తబుట్టలో వేసి కొత్త తెల్లకాగితం ఇచ్చాడు. అప్పుడు రాశాను: "వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛంద పదవీ విరమణ కోరుచున్నాను."

వ్యక్తిగత కారణాలు! అత్తయ్యగారు బ్రిడ్జి కింద నిలబడిపోవడం, అమ్మాయి నాతో మాట్లాడటం తగ్గించడం, రాత్రి పదకొండింటికి దేవుడి గదిలో లైటు ఆర్పుతూ ఇవాళ కూడా దీపం పెట్టలేదని గుర్తు రావడం, ఇవన్నీ ఆ రెండు మాటల్లో సర్దుకున్నాయి. ఆఫీసు భాషలో ఎంత చోటుందో అప్పుడే తెలిసింది.

చాలామంది నన్ను ధైర్యవంతురాలివి అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. నా ధైర్యం వెనక సగం బేసిక్ ఉంది, ఇంట్లో ఇంకో జీతం ఉంది. మా సెక్షన్‌లోనే 2004 జనవరి తర్వాత చేరిన పిల్లలకి ఈ వెసులుబాటు లేదు. వాళ్లది ఎన్‌పీఎస్, అంటే జాతీయ పింఛను పథకం. అరవై నిండకుండా రాజీనామా ఇచ్చి మధ్యలో బయటికొస్తే, మొత్తం మరీ చిన్నదైతే తప్ప, కూడబెట్టినదాంట్లో 80 శాతం యాన్యుటీలో పెట్టాలి, చేతికొచ్చేది 20 శాతమే. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఏకీకృత పింఛనులో కూడా ముందే విరమిస్తే, మామూలుగా రిటైరయ్యే వయసు వచ్చాకే ఆ పింఛను మొదలవుతుంది. కాబట్టి నన్ను చూసి మానేద్దామనుకునే చెల్లెళ్లకి మొదటి మాట: మీరు ఏ సంవత్సరంలో చేరారు? అది చూసుకోండి. తర్వాతే భగవద్గీత.

సర్కారు ఉద్యోగం కొండలాంటిది, కదలదు అంటారు కదా. మా అమ్మ తరఫు తాతగారు ఓ ఊరికి కరణం. ఊరి లెక్కలన్నీ ఆయన కచ్చేరీ పెట్టెలో ఉండేవి. తరాలుగా వచ్చిన పని, ఇంకా తరాలు ఉంటుందనుకున్న పని. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో కరణాలు, మునసబుల పదవులన్నీ తీసేసింది. ఆ తీసెయ్యడం మంచిదే అయి ఉండొచ్చు, ఆ పదవుల కింద నలిగినవాళ్లని అడిగితే మంచిదే అంటారు, నేనూ కాదనను. కానీ తాతగారు ఆ తర్వాత కూడా రోజూ పొద్దున్నే పెట్టె తీసి, తుడిచి, మూసేవారు. ఆ ఇత్తడి గొళ్లెం చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. వదలడం వేరు, వదిలించుకోబడటం వేరు. ఆయనకి రెండోది జరిగింది.

ఆ రెంటికీ మధ్య ఇంకోటి కూడా ఉంటుందని బీఎస్ఎన్ఎల్ వాళ్లని చూశాక తెలిసింది. 2019 చివర్లో యాభై దాటినవాళ్లకి వీఆర్ఎస్ పెడితే 78 వేలకు పైగా తీసుకున్నారు. 2020 జనవరి 31 సాయంత్రం అందరూ ఒకేసారి ఇళ్లకి. మా వీధిలో ఒకాయన ఆ రోజు దండతో ఆటోలో దిగారు. కాగితం మీద స్వచ్ఛందమే. "స్వచ్ఛందం ఏముందమ్మా, కింద నీళ్లొస్తుంటే మేడెక్కినట్టు" అన్నారాయన. ఆ తర్వాత ఆయన వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా వెళ్లి బాగుచేసి వస్తున్నారు, డబ్బు తీసుకోకుండా. ఆయన భార్య మాత్రం తీసుకోమంటుంది.

ఏదో పెద్ద పని కోసం వదిలినవాళ్లూ ఉన్నారు. మా పక్క కూకట్‌పల్లికి 2009లో ఎమ్మెల్యే అయిన జయప్రకాశ్ నారాయణ గారు 1980లో ఐఏఎస్‌లో చేరి, పదహారేళ్ల తర్వాత 1996లో దాన్ని వదిలి లోక్‌సత్తా పెట్టారు. అలాంటివాళ్ల కథలు పేపర్లో వస్తాయి. అత్తగారి కోసం, దీపం కోసం మానేసినవాళ్ల కథ వీధి అరుగు దాటదు. దాటక్కర్లేదు కూడా.

దీపం అన్నాను కాబట్టి భక్తి సంగతి. "భక్తిలో పడి ఉద్యోగం మానేసిందట" అని మా చుట్టాల్లో ఒక ప్రచారం ఉంది. నేను ఖండించలేదు. "అత్తగారికి స్నానం చేయించడానికి మానేసింది" అనే మాటకంటే అది వాళ్లకి గౌరవంగా వినిపిస్తోందేమో. కానీ నిజం చెప్పాలంటే దేవుడు నన్ను ఉద్యోగం మానమని అడగలేదు. తెలుగువాళ్ల భక్తుల్లో అందరికంటే పేరున్న ప్రభుత్వోద్యోగి ఎవరు? కంచర్ల గోపన్న. పాల్వంచ తహశీల్దారు. ఆయన రాజీనామా ఇచ్చి గుడి కట్టలేదు, ఉద్యోగంలో ఉండే, సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టారు. అదే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. పన్నెండేళ్లు గోల్కొండ కోటలో ఖైదు. ఆ కోట మా ఇంటికి అట్టే దూరం కాదు, ఆ చెరసాల ఇప్పటికీ చూపిస్తారు. లెక్కల సెక్షన్‌లో పనిచేసినదాన్ని కాబట్టి అక్కడ నిలబడితే నాకు కీర్తనకంటే ముందు ఆడిట్ అభ్యంతరం గుర్తొచ్చింది, రాముడు క్షమించాలి. మన కాలంలో చాగంటి కోటేశ్వరరావు గారు కాకినాడలో ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూనే ప్రవచనాలు చెప్పారు. కాబట్టి భక్తికీ అటెండెన్సు రిజిస్టరుకీ పగేం లేదు.

అసలు నా భక్తి రోజులన్నీ రైల్లోనే గడిచాయి. ఆడవాళ్ల పెట్టెలో ఆ ముప్పావుగంట ఒక ప్రపంచం. ఒకావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీసేది. ఒకావిడ అరచేతిలో పట్టేంత పుస్తకంలో లలితా సహస్రనామం చదువుకునేది, భరత్‌నగర్ వచ్చేసరికి సగం, లకడీకాపూల్‌కి పూర్తి. రంజాను నెలలో ఎదురు సీటులో తస్బీహ్ తిరిగేది. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉన్న అమ్మాయి డబ్బా తెచ్చేది కాదు, మా డబ్బాలు తెరిస్తే కిటికీ వైపు తిరిగేది. నేను కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టి, ఎక్కడో బోరబండ దగ్గర నిద్రపోయేదాన్ని. అయినా అది లెక్కలోకి వస్తుందనే నా నమ్మకం.

ఇంటికొచ్చాక ఏమైందో వినండి. అంతా తీరిక, ఎప్పుడంటే అప్పుడు పని, ఎప్పుడంటే అప్పుడు పూజ అనుకున్నాను. మొదటి ఆరు నెలల్లో పూజ పూర్తిగా పోయింది! ఆఫీసులో ఐదున్నరకి బీరువా తాళం వేస్తే పని అక్కడే ఉండిపోయేది. ఇంట్లో పనికి తాళం లేదు. స్టీలు సామాన్ల షాపాయన రాత్రి పదింటికి దుకాణం కట్టేసి, ఆ రోజు బిల్లులు ఫొటోలు తీసి పంపేవాడు. టిఫిన్ సెంటరాయన తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాడు, ఆయన సందేహాలు నాలుగింటికే. అపార్టుమెంటులో అందరి పార్సిళ్లూ మా ఇంటికే, "ఆంటీ ఇంట్లోనే ఉంటారు" అని. హాల్లో ఒక మూల అట్టపెట్టెల గుట్ట. అమ్మాయి కాలేజీ ఫారంలో తల్లి వృత్తి అన్నచోట పెన్ను ఆగిపోయింది. ఆలోచిస్తుంటే అమ్మాయే లాక్కుని "అకౌంటెంట్" అని రాసేసింది. ఆ పిల్ల నాకు చేసిన మేళ్లలో అదొకటి.

డబ్బు సంగతీ చెప్పాలి. మొదటి నెల నా సంపాదన నాలుగు వేల ఐదొందలు. ఒకటో తారీఖు అనే మాటకి ఉన్న బలం ఆ నెల తెలిసింది. కేంద్ర ఉద్యోగులకి జీతం నెలాఖరు పనిదినానే పడుతుంది, మార్చి జీతం ఒక్కటి ఏప్రిల్‌లో. అయినా మా నోట ఒకటో తారీఖే. ఆ రోజు సాయంత్రం స్టేషను బయట రెండు మూరల మల్లెపూలు కొని ఒకటి అత్తయ్యగారికి ఇవ్వడం నాకు అలవాటు. పింఛనూ అలాగే పడుతుంది కానీ, దాన్ని సంపాదించాననిపించదు. ఇప్పుడు నా నెలకి వేరే గుర్తులున్నాయి: పదకొండో తారీఖు, ఇరవయ్యో తారీఖు. పదకొండుకల్లా అమ్మకాల వివరాలతో జీఎస్‌టీఆర్ 1, ఇరవైకల్లా పన్ను కట్టి 3బి. తప్పితే రోజుకి యాభై రూపాయలు ఆలస్య రుసుము, లావాదేవీలు లేని రిటర్నుకైతే ఇరవై. ఒక నెల అత్తయ్యగారిని ఆస్పత్రిలో చేర్చాల్సొచ్చి మూడు దుకాణాలకి ఆరు రోజులు ఆలస్యమైంది. తొమ్మిది వందలు నా చేతిలోంచి కట్టాను. సర్కారు ఉద్యోగంలో అమ్మకి బాగాలేదంటే సెలవుచీటీ చాలు. ఇక్కడ చీటీ తీసుకునేవాడు లేడు.

మార్పు తెచ్చింది అత్తయ్యగారే. పేర్లు మరిచిపోయినా, కొడుకుని తమ్ముడనుకున్నా, పొద్దు వాలి ఆరున్నర అయ్యేసరికి ఆవిడ చెయ్యి వత్తుల డబ్బా కోసం వెతికేది. నేను ల్యాప్‌టాప్ ముందు ఉంటే పక్కన నిలబడేది. ఏమీ అనేది కాదు, నిలబడేది. లేచి దీపం వెలిగిస్తే కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టేది. పొద్దున ఇడ్లీ తిన్నదో లేదో గుర్తులేని మనిషి, వెయ్యి నామాలూ ఒక్కటి తప్పకుండా! మధ్యలో నేను తడబడితే ఆగి, నావైపు చూసి, అందించేది. ఆ ముప్పావుగంటలో ఇంట్లో రోగి ఎవరో చెప్పడం కష్టం.

అప్పటినుంచి దుకాణాలవాళ్లందరికీ చెప్పేశాను, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా ఫోను ఎత్తనని. స్టీలు షాపాయన గొణిగాడు. హార్డ్‌వేర్ షాపు భాయ్ మాత్రం నవ్వి, "మాకూ మగ్రిబ్ నమాజ్ అప్పుడే కదా మేడమ్, నేనెట్లా ఫోన్ చేస్తా?" అన్నాడు. ఐదున్నరకి బీరువాకి వేసిన తాళం లాంటిది మళ్లీ దొరికింది నాకు. మావయ్యగారు కూడా అప్పుడు పేపరు పక్కన పెట్టి వచ్చి కూర్చుంటారు. అభిప్రాయం మార్చుకోలేదు, "ప్రమోషను వచ్చుండేది ఈపాటికి" అని నెలకోసారి గుర్తుచేస్తారు. అది నిజమే కూడా.

మొన్న ఇరవయ్యో తారీఖు. సాయంత్రం నుంచి పోర్టల్ తెరుచుకోక చక్రం తిరుగుతూనే ఉంది, రెండు దుకాణాలవి మిగిలాయి. ఆరున్నరకి మూత వేసి హాల్లోకి వచ్చాను. అత్తయ్యగారు తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. నేను ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా ఆవిడ లెక్కలో నేనింకా రోజూ లకడీకాపూల్ నుంచే వస్తాను.

"ఇవాళ రైలు లేటా అమ్మాయ్?" అన్నారు.

మొదట్లో ఇలా అడిగితే, నేను ఆఫీసు మానేశాను కదా అత్తయ్యగారూ అని వివరంగా చెప్పేదాన్ని. పాపం బెంబేలుపడేవారు. ఇప్పుడు చెప్పను.

"హఫీజ్‌పేట దగ్గర ఆపేశాడండీ" అన్నాను.

"వాడెప్పుడూ అంతే" అని, వత్తుల డబ్బా నా చేతికిచ్చారు.